డాన్సు రాని పెళ్లికూతురు

జనగామలో గది అద్దెకు అడిగినప్పుడల్లా ఇంటివాళ్ళ ముఖం ఏ మాట దగ్గర మారుతుందో నాకు ముందే తెలిసిపోయేది. ఊరు, చదువు, నాయిన ఏం చేస్తాడు అన్నంత వరకు బాగానే ఉండేది. “డాన్సర్‌ను” అనగానే వాళ్ళు నన్ను వదిలేసి నా భుజం మీదుగా వెనక్కి చూసేవారు, ఇంకా ఎవరెవరు వస్తారోనని. నా వెనుక ఎప్పుడూ మా అమ్మే ఉండేది. చేతిలో సంచి, సంచిలో తాళంకప్ప. ఎక్కడికి వెళ్ళినా అక్కడి తలుపుకు సొంత తాళం వేసుకోనిదే ఆమెకు నిద్ర పట్టదు. ఆట తాళం నాకు తెలుసు, తలుపు తాళం ఆమెకు తెలుసు. ఇంతటి తాళజ్ఞానం ఉన్న కుటుంబానికి జనగామలో ఒక గది దొరకడం కష్టమైపోయింది.

“డాన్స్ అంటే ఏం డాన్సమ్మా? గుడిలదా, సినిమాలదా?” అని అడిగాడు ఇప్పుడున్న ఇంటి యజమాని.

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. “రెండూ కాదన్నా. బడిది. పిల్లలకు నేర్పిస్తది.”

“మరి పైన అడుగుల చప్పుడైతదా?”

“అడుగులు లేకుంటే డాన్స్ ఎట్లయితదన్నా? పిండి గిర్ని పక్కన ఉంటున్నవ్. నీకు మా పిల్ల అడుగులు వినవడ్తయా?”

గది ఇచ్చాడు, అక్కడే నేను పిల్లలకు క్లాసులు పెట్టాను. ఇచ్చిన తరువాత కూడా చాలా రోజులు మెట్ల మీద నిలబడి వినేవాడు. నేను ఆపితే దగ్గేవాడు.

మాది స్టేషన్ ఘన్‌పూర్. నాయినకు అక్కడ కిరాణా దుకాణం. చిన్నప్పుడు ఆదివారాలు అమ్మ నన్ను రైలెక్కించి కాజీపేటలో దించి, అక్కడి నుంచి హన్మకొండకు కూచిపూడి క్లాసుకు తీసుకెళ్ళేది. తట్టు పోసినట్టు ఇది కూడా ఒకసారి వచ్చి పోతుందని నాయిన అనుకున్నాడు. పోలేదు. డిగ్రీ అయిపోయాక “ఇదే నా పని” అని చెప్పిన రోజు ఆయన తక్కెడలో చక్కెర పోస్తూ చెయ్యి ఆపి, “పిల్లకు కాళ్ళ మీద నిలబడుమంటే ఎగురుతనంటున్నది” అని కొనడానికి వచ్చిన వాళ్ళతో అన్నాడు. నాతో అనలేదు. నాతో అనాల్సినవి ఆయన ఎప్పుడూ కొనేవాళ్ళతోనే అనేవాడు.

ఎగిరినంత మాత్రాన కడుపు నిండదని తరువాత తెలిసింది. స్కూళ్ళలో వార్షికోత్సవాలు ఏడాదికి ఒకసారే వస్తాయి. స్టేజీ ప్రదర్శనలకు పిలిచేవాళ్ళు శాలువా కప్పి పంపేవారు. మా ఇంట్లో చలికాలానికి సరిపోయేదానికన్నా ఎక్కువ శాలువాలు చేరాయి. ఆ సమయంలోనే మా దిక్కు పెళ్లిళ్ళకు సంగీత్ వచ్చింది. దాని పేరులో సంగీతం ఉంది గానీ లోపల ఉండేది స్పీకరు. పెళ్లికి ముందు రెండు కుటుంబాల వాళ్ళు సినిమా పాటలకు అడుగులు వేస్తారు, వీడియో తీసుకుంటారు. ఆ అడుగులు నేర్పడానికి మనిషి కావాలి. మోకాళ్ళ నొప్పులున్న మేనత్తలతో, కడుపు ముందుకొచ్చిన చిన్నాన్నలతో ఆడించడం ఏ గురువూ నేర్పని విద్య. నేను నేర్చుకున్నాను.

అమ్మ ప్రతి ఇంటికీ నాతో వచ్చేది. ఒక మూల గోడకు ఆనుకుని, ఒడిలో సంచి పెట్టుకుని కూర్చునేది. అందరినీ అనుమానించేది. ఫొటోగ్రాఫర్ ఎందుకు అన్ని ఫొటోలు తీస్తున్నాడు, చాయ్‌లో చక్కెర ఎందుకు అంత వేశారు, ఆ మరిది ఎందుకు ప్రతి పాటకూ ముందు వరసలోకి వస్తున్నాడు. నేను అడుగు వేయిస్తే ఆమె అడుగుతూ పోయేది. 

ఆమె అనుమానాలకు ఒక మూలం ఉంది. మహబూబాబాద్‌ను మేము మానుకోట అంటాం. అక్కడి నుంచి నాకొక సంబంధం వచ్చింది. “పిల్ల స్టేజీలు ఎక్కుతదా?” అని వాళ్ళు అడిగితే అమ్మ “లేదు, బడి పిల్లలకు నేర్పుడే” అని చెప్పింది. కొన్నాళ్ళకు వాళ్ళ దగ్గర నేను స్టేజీ మీద ఉన్న ఫొటో తేలింది. మానుకోట వాళ్ళు మానుకోమన్నారు. ఊరి పేరులోనే ఉంది కాబట్టి వాళ్ళను తప్పు పట్టలేను. నేను మానుకోలేదు, వాళ్ళే సంబంధం మానుకున్నారు. ఆ ఫొటో వాళ్ళకు ఎవరు చూపించారో మాకు ఇప్పటికీ తెలియదు. దొరకని ఆ ఒక్క మనిషి కోసం అమ్మ ప్రపంచంలో ఉన్న అందరినీ అనుమానించడం మొదలుపెట్టింది.

ఇదంతా చెప్పుకోవడం ఎందుకంటే, తొర్రూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను కూడా కొంచెం అమ్మలాగే విన్నాను.

ఫోన్ చేసినావిడ పెళ్లికొడుకు అక్క. తొర్రూరు పక్క ఊళ్ళో భూములున్న ఇల్లు, తండ్రి ఊరి రాజకీయాల్లో పేరున్న మనిషి. పెళ్లికూతురిది భూపాలపల్లి, తండ్రికి బొగ్గుబాయిలో నౌకరి.

“మా దిక్కోళ్ళ డాన్సులు మేం చూస్కుంటం మేడం. పిల్ల దిక్కోళ్ళకు మీరే పోయి నేర్పాలె. గాళ్ళకు ఏం రాదట. పిల్లకైతే మొత్తానికే రాదట.”

“అట్లనే.”

“ఇంకొకటి. పిల్ల జర ఎట్లున్నదో చూడుండ్రి.”

“ఎట్లున్నదంటే?”

“ఎట్లంటే ఎట్లనే. మాట, నడక, ఫోన్ల ఎవలతోని మాట్లాడుతది. మీరు మనిషిని కాలి నుంచి తల దాక చూసెటోళ్ళు. మీకు తెల్వకుండ ఉంటదా?” కొంచెం ఆగి, “మీ పని మంచిగనిపిస్తే మా దిక్కు పెండ్లిళ్ళన్నీ ఇగ మీకే చెప్తం” అని కూడా చేర్చింది.

తొర్రూరు వైపు పెళ్లిళ్ళంటే నాకు ఒక ఏడాది భరోసా. “చూస్త” అన్నాను. ఫోన్ పెట్టాక అమ్మ నన్నే చూస్తూ, “డాన్స్ నేర్పనీకి పిలుస్తున్నరా, గూఢచారం చెయ్యనీకి పిలుస్తున్నరా?” అంది.

హన్మకొండలో బస్సు మారి, పరకాల మీదుగా భూపాలపల్లి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. కాలనీలో అన్ని క్వార్టర్లూ ఒకేలా ఉన్నాయి. కిటికీ చువ్వల మీద ఎంత తుడిచినా పోని నలుపు. మేము లోపలికి అడుగు పెట్టగానే అక్కడి మాటలు ఆగిపోయాయి. పెళ్లికూతురు తన ఫోన్‌ను బోర్లా తిప్పి దిండు కింద పెట్టింది. గోడ మీద ఒక చోట మేకు ఉంది, దాని కింద గోడ రంగు చతురస్రంగా కొత్తగా ఉంది. అక్కడి నుంచి ఫొటో ఏదో ఈ మధ్యే తీసేశారు.

పెళ్లికూతురి తల్లి చాయ్ ఇచ్చి, కప్పు నా చేతికి పూర్తిగా రాకముందే అడిగింది. “తొర్రూరోళ్ళు మీకు చుట్టాలా?”

“లేదమ్మా. పనికి పిలిచిన్రు.”

“దినాం ఫోన్ చేస్తరా మీకు?”

“పని ఉంటే చేస్తరు.”

ఆమె నా చేతిలోని ఫోన్‌ను ఒకసారి చూసింది. అమ్మ ఆమె చూపును చూసింది. నేను ఇద్దరినీ చూసి చాయ్ తాగాను.

ముందు గదిలో సామాను జరిపి చోటు చేశారు. మేనత్తలు, చిన్నమ్మలు వరసలో నిలబడ్డారు, మధ్యలో పెళ్లికూతురు. ఆ ఎండలో ఆ పిల్ల కాళ్ళకు మేజోళ్ళు వేసుకుంది. సిమెంటు నేల మీద మేజోళ్ళతో జారుతారు. “విప్పెయ్యి” అన్నాను.

“దానికి నేల సల్లదనం పడదు మేడం” అంది తల్లి. ఆ నేల మీద అప్పడం పెడితే వేగేలా ఉంది.

ఆ రోజు, తరువాతి వారం, ఆ తరువాతి వారం నేను ఆ పిల్ల కాళ్ళనే చూశాను. ఆమెకు నిజంగానే ఏమీ రాలేదు. కుడి అంటే ఎడమ, పైకి అంటే కిందికి. ప్రతి అడుగూ దరువు తరువాతే పడేది. కానీ ఆ రాకపోవడంలో ఏదో సరిగా లేదు. రానివాళ్ళ తప్పులు రోజుకో రకంగా ఉంటాయి. నిన్న చేతిలో ఉన్న తప్పు ఇవాళ కాలిలోకి వస్తుంది. రేపు రెండూ కుదిరితే నవ్వొచ్చి మొత్తం పోతుంది. పక్కన మేనత్తలు సరిగ్గా అలాగే తప్పులో కాలేస్తున్నారు. ఈ పిల్ల మాత్రం ఎప్పుడూ అదే చోట, అంతే ఆలస్యంగా, అదే తప్పు వేసేది. గుండ్రంగా తిరగమంటే తడబడేది గానీ, తడబడే ముందు చూపు ఎదుటి గోడను చేరేది. తల తిరగకుండా తిరగడానికి మా గురువు నాకు నేర్పిన మొదటి పాఠం అది.

బస్సులో అమ్మ తన తీర్పు చెప్పింది. “ఎవడో ఉన్నడు. పిల్లకు పెండ్లి ఇష్టం లేదు. అందుకే కాళ్ళు కదుల్తలెవ్వు.”

“కాళ్ళు కదుల్తున్నయమ్మా. కావాలని ఆలస్యంగ కదుల్తున్నయి.”

“కావాలని ఎవరన్న తప్పు ఏస్తరా?”

నా జీవితమంతా తప్పులు వాటంతట అవే పడ్డాయి.

జవాబు ఆ తరువాతి ఆదివారం వచ్చింది. నా ఫోన్‌లో పాట పెట్టి చిన్న స్పీకరుకు కలిపి ఆడిస్తున్నాను. పాట మంచి ఊపు మీద ఉండగా ఠక్కున ఆగిపోయి స్పీకర్లోంచి ఫోన్ రింగు మోగింది. నా ఫోన్‌కు కాల్ వస్తే పాట ఆగిపోతుంది, నేను మళ్ళీ పెడితే గానీ మొదలవదు. మేనత్తలందరూ ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. రానివాళ్ళకు పాటే ఆధారం, అది ఆగితే వాళ్ళూ ఆగుతారు. పెళ్లికూతురి చేతులు కూడా ఆగాయి. కాలు ఆగలేదు. మోకాళ్ళు కొంచెం వంగి, మేజోడు తొడుక్కున్న ఆ కుడి పాదం మిగిలిన దరువును తానే వేసుకుంటూ వెళ్ళి, ఎక్కడ ముగించాలో సరిగ్గా అక్కడ నేలను కొట్టి నిలిచింది. ఏళ్ళ తరబడి గురువు కర్రతో కొట్టిన తాళానికి ఆడిన కాలు మాత్రమే అలా ముగిస్తుంది. మధ్యలో వదిలేయడం దానికి చేతకాదు.

ఆమె నన్ను చూసింది. నేను ఆమె పాదాన్ని చూశాను. వంటింటి గడపలో తల్లి పళ్ళెం పట్టుకుని మమ్మల్నిద్దరినీ చూసింది. ఫోన్ మోగుతూనే ఉంది. తొర్రూరు నుంచి.

స్పీకరు తీసేసి చెవి దగ్గర పెట్టుకున్నాను. “ఎట్లున్నది మేడం పిల్ల? ఏమన్న తెలిసిందా?” అని అడిగింది అటువైపు ఆవిడ.

అందరి కళ్ళూ నా నోటి మీద ఉన్నాయి. “ఇంకా నేర్చుకుంటున్నది” అన్నాను. అబద్ధం కాదు. తప్పు వేయడం కూడా నేర్చుకుంటేనే వస్తుంది.

మేనత్తలు భోజనానికి వెళ్ళగానే తల్లి నన్నూ అమ్మనూ వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరకు వేసింది. పెళ్లికూతురు పొయ్యి గట్టుకు ఆనుకుని నిలబడింది.

“నీకు దండం పెడ్త బిడ్డా. నోటికి తాళమేసుకో” అంది తల్లి. “పిల్ల చిన్నప్పటి సంది నేర్చుకున్నది. హన్మకొండల, హైదరాబాదుల స్టేజీలెక్కింది. చూడనీకి వచ్చిన నాడు తొర్రూరు పెద్దాయన ‘గీ ఆటలు పాటలు ఏం లేవు గదా?’ అని అడిగిండు. మాకు నోరు పెగల్లే. లేవన్నం.”

“నువ్వన్నవ్. నేను అనలే” అంది పెళ్లికూతురు. అంతకు ముందు ఆ పిల్ల గొంతు నేను సరిగ్గా వినలేదు. “ముందే చెప్పమన్న. వద్దంటే వద్దననీయమన్న. పిల్లగాడు మంచోడే, నాకు ఇష్టమే. కని జిందగీ మొత్తం చెప్పులు, మేజోళ్ళు ఏసుకొని తిరుగాల్నా? ఇంట్ల పాట వినవడితే కాలు ఎక్కడ పెట్టుకోవాలె అక్కా నేను?”

“పెండ్లైనంక మెల్లగ చెప్పుకోవచ్చు...” అని తల్లి నసిగింది.

“పెండ్లైనంక చెప్తే మోసం అంటరు.” పిల్ల నా వైపు తిరిగింది. “వచ్చే ఆదివారం తొర్రూరు వదిన చూడనీకి వస్తున్నది. నేను నోరు తెరిస్తే అమ్మ మధ్యల పడి మాట మారుస్తది. అక్కా, ఆ రోజు గూడ జర పాట ఆపుతరా? మీరేం చెప్పొద్దు. పాట ఆపితే చాలు. ఇగ నా కాలు, నా ఇష్టం.”

నేను వెంటనే ఒప్పుకుని ఉంటే ఈ కథలో నా పాత్ర ఇంకొంచెం బాగుండేది. తొర్రూరు పెళ్లిళ్ళన్నీ కళ్ళ ముందు ఊరేగింపుగా పోయాయి. నన్ను నమ్మి పిలిచినావిడ ముందే ఆ పని చేస్తే ఇక ఎవరు పిలుస్తారు? పైగా సంబంధం చెడిపోతే ఆ పాపం ఎవరిది? “నాతోని కాదు చెల్లె. నీ మాట నేను బయట పెట్ట. అట్లని పాట గూడ ఆప” అన్నాను. అటూ కాదు, ఇటూ కాదు. నాట్యంలో దీన్ని సమభంగం అంటారు, బయట పిరికితనం అంటారు.

 తిరుగు బస్సులో అమ్మ ఎవరినీ అనుమానించకుండా కూర్చుంది. అది నాకు చాలా అనుమానంగా అనిపించింది.

ఆదివారం మేము వెళ్ళేసరికే తొర్రూరు కారు గేటు ముందు ఉంది. పెళ్లికొడుకు అక్క కుర్చీలో కూర్చుని ఇంటిని కళ్ళతోనే కొలుస్తోంది. మేకు ఉన్న చోట ఇప్పుడు క్యాలెండరు వేలాడుతోంది. పెళ్లికూతురు గదిలోంచి వచ్చింది. కాళ్ళకు మేజోళ్ళు లేవు. చీలమండ చుట్టూ గజ్జెలు కట్టిన చోట చర్మం పట్టీలా నల్లబడి ఉంది. తల్లి ఆ కాళ్ళను చూసి ముఖం తెల్లబోయి, “సల్లదనం...” అని మొదలుపెట్టింది.

“ఉండనీ అమ్మా” అంది పిల్ల.

పాట పెట్టాను. మేనత్తలు ఊగారు. పెళ్లికూతురు ఎప్పటిలాగే ఆలస్యంగా, ఎప్పటిలాగే అదే తప్పు వేసుకుంటూ వచ్చింది. కాబోయే ఆడబిడ్డ ముఖంలో ముచ్చట కనిపించింది. “పాపం, ఎంత కష్టపడుతున్నదో” అంటూ వీడియో తీస్తోంది. పిల్ల ప్రతి మలుపులోనూ నన్ను చూస్తోంది. నేను స్పీకరును, పంకాను, క్యాలెండరులో తిథిని చూస్తున్నాను. నా వేలు ఫోన్ దగ్గరకు వెళ్ళి వెనక్కి వచ్చింది.

ఠక్కున పాట ఆగిపోయింది. స్పీకర్లోంచి రింగు.

ఫోన్ చూశాను. ‘అమ్మ’ అని ఉంది. అమ్మ నాకు చేయి చాచితే అందేంత దూరంలో, మూలన గోడకు ఆనుకుని, సంచిలోకి చెయ్యి పెట్టుకుని కూర్చుంది. కళ్ళు పైకప్పు మీద. రెండు రింగులు మోగి ఆగిపోయింది. మిస్స్‌డ్ కాల్. బస్సు దిగానని, అన్నం తిన్నానని, దుకాణం మూశానని మా ఇంట్లో అన్నీ మిస్స్‌డ్ కాల్‌తోనే చెప్పుకుంటాం. 

గదిలో అందరూ ఆగారు. పెళ్లికూతురు కూడా ఒక్క క్షణం ఆగింది. కాలు గాలిలో ఉంది. కావాలంటే అక్కడే దించేయవచ్చు. దించలేదు. మోకాళ్ళు పక్కలకు విచ్చుకుని కిందికి దిగాయి, నడుము నిటారుగా నిలిచింది, రెండు పాదాలూ ఆ వేడి సిమెంటు మీద మాట్లాడటం మొదలుపెట్టాయి. మొదట మెల్లగా, తరువాత ఒకదాని మీద ఒకటి. చివరి దెబ్బకు వంటింట్లో గిన్నె మీది మూత కదిలింది. అప్పుడు నిలబడింది.

“గిదేంది?” అంది ఆడబిడ్డ. ఫోన్ ఇంకా వీడియో తీస్తూనే ఉంది.

“నాకు డాన్స్ వస్తది వదినా” అంది పిల్ల, ఊపిరి తీసుకుంటూ. “చిన్నప్పటి సంది చేస్తున్న. స్టేజీల మీద చేసిన. మీతోని లేదని చెప్పిన్రు. నేను ఉన్నదని చెప్తున్న.”

తల్లి చెంగుతో మూతి కప్పుకుంది. ఆడబిడ్డ నా వైపు తిరిగింది. “మీకు ఎరికేనా మేడం?”

“పోయిన వారం ఎరికయ్యింది.”

“నేను అడిగితే నేర్చుకుంటున్నదన్నరు.”

నేను తల దించుకున్నాను. ఆవిడ లేచి, బయటికి వెళ్ళి గేటు దగ్గర నిలబడి ఫోన్ చేసింది. వాళ్ళ బాపుకు, ఆ తొర్రూరు పెద్దాయనకు. మాటలు వినబడలేదు. కిటికీ చువ్వల సందుల్లోంచి చెయ్యి మాత్రం కనిపించింది. ఆ చెయ్యి గాలిని అడ్డంగా కోసింది. ఇంకోసారి కోసింది.

“రద్దు” అంది అమ్మ, మెల్లగా.

చేతుల భాష చదవడం నా వృత్తి. నాకూ అలాగే అనిపించింది. పెళ్లికూతురి తల్లి గోడకు ఆనుకుని కిందికి జారింది. అమ్మ ఆమె పక్కకు జరిగి కూర్చుంది. “నేను గూడ గిట్లనే లేదని చెప్పిన చెల్లె, మానుకోటోళ్ళకు” అంది. “ఎవరు బయట పెట్టిన్రో అని ఇప్పటిదాక మనుషులను లెక్కవెట్టుకుంట తిరుగుతున్న. లేదని చెప్పింది నేనే గదా. ఎవరు చెప్తే ఏంది?” అమ్మ నోట ఆ మాట నేను అప్పుడే విన్నాను. ఆమె నా వైపు చూడలేదు.

ఆడబిడ్డ తిరిగి వచ్చింది. ముఖం ఎర్రగా ఉంది. “బాపు గరమైండు. నన్ను గూడ తిట్టిండు, నువ్వేం చూసి ఒప్పుకున్నవని. ఇద్దరం కొట్లాడినం.”

“మరి పెండ్లి?” అంది తల్లి.

“పెండ్లి ఆగదు. తమ్మునికి ఈ పిల్లనే కావాలె. కని బాపు ఒక్క మాటన్నడు. సంగీత్ల పిల్ల ఆడొద్దు. కూసోవాలె.”

“మొన్నటిదాక ఆడాలె అన్నరు గదా?” అన్నాను.

“రాని పిల్ల ఆడితే ముచ్చటనట మేడం. వచ్చిన పిల్ల ఆడితే పదిమంది పది మాటలంటరట.” చెబుతున్నప్పుడే ఆ మాట తనకే చేదుగా తగిలినట్టు ఆవిడ ముఖం పెట్టింది.

పెళ్లికూతురు ఒక అడుగు ముందుకొచ్చింది. “సరే వదినా. సంగీత్ల కూసుంట. పెండ్లైనంక మాత్రం కూసోను. తొర్రూరుల గది తీసుకొని పిల్లలకు నేర్పుత. ఆ ముచ్చట గూడ ఇప్పుడే మీ బాపుకు చెప్పుండ్రి. మల్ల దాచిపెట్టిన్రు అనొద్దు.”

“మల్ల నన్నే తిట్లు తినమంటవా?” ఆడబిడ్డ ఫోన్ చాచింది. “ఇగో. నీ కాలు నీ ఇష్టమైతే, నీ నోరు గూడ నీదే. మాట్లాడు.”

పిల్ల ఫోన్ తీసుకుని ఉత్త కాళ్ళతో గేటు దాకా వెళ్ళింది. ఇప్పుడు కిటికీ దగ్గర మేము నలుగురం. తల్లి, ఆడబిడ్డ, అమ్మ, నేను. ఒకరి భుజం మీదుగా ఒకరం. అటువైపు ఆ పెద్దాయన ఏమన్నాడో మాకు తెలియదు. పిల్ల చేయి గాలిలోకి లేవలేదు. కుడి బొటనవేలు మాత్రం మట్టిలో నెమ్మదిగా దరువు వేస్తోంది. చాలాసేపు వింది, కొంచెమే మాట్లాడింది. తిరిగి వచ్చి ఫోన్ ఇచ్చేసింది.

“ఏమన్నడు?”

“సూద్దామన్నడు.”

“కోపంగన్నడా, మామూలుగన్నడా?”

“సూద్దామన్నడు” అని మళ్ళీ అంది పిల్ల. “ఫోన్ అయితే పెట్టేయలే.”

సంగీత్ తొర్రూరు ఫంక్షన్ హాల్లో జరిగింది. పెళ్లికూతురు సోఫాలో బుద్ధిగా కూర్చుంది. ఆమె చోట నేను నిలబడి మేనత్తలను నడిపించాను. చీర కుచ్చిళ్ళ కింద ఏం జరుగుతోందో నాకు తెలుసు. సోఫా ముందు పరిచిన తివాచీ అంచు అప్పుడప్పుడు కదులుతోంది. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన చూపు కూడా ఒకసారి ఆ అంచు మీద ఆగింది. ఆయన దాన్ని చూశాడో, తన చెప్పులను చూసుకున్నాడో చెప్పలేను.

ఆ పెళ్లి తరువాత తొర్రూరు నుంచి నాకు ఒక్క పిలుపూ రాలేదు. ఆడబిడ్డ మాట ఇచ్చిన పెళ్లిళ్ళు ఎవరికి పోయాయో తెలియదు. అది నేను ఊహించిందే. ఊహించనిది ఇంకొకటి. తొర్రూరు వైపు నుంచి జనగామకు నా క్లాసుకు వచ్చే ఆడపిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఒకరికి పరీక్షలన్నారు, ఒకరికి బస్సు పడటం లేదన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. “అందరికీ ఒక్కసారే బస్సు పడకుండవోతదా? ఇండ్ల ఏదో ఉన్నది” అని, ఒక ఆదివారం సంచి తీసుకుని నన్ను బయల్దేరదీసింది.

అమ్మ అడుగుతూ పోతే, తొర్రూరు బస్టాండు దగ్గరి వీధిలో, ఎరువుల దుకాణం పైన ఒక గది తేలింది. మెట్ల కింద చిన్న చిన్న చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. పైనుంచి కర్రతో తాళం వేస్తున్న చప్పుడు, దాని వెనుక పాదాల చప్పుడు. మేము మెట్ల మీద నిలబడి విన్నాం, మా జనగామ ఇంటి యజమాని లాగానే.

“అడుగులు సరిగ్గ పడ్తలెవ్వు” అంది అమ్మ. “గీ పిల్ల ఇంకా నాటకమాడుతున్నదా ఏంది?”

నేను చెవి పెట్టి విన్నాను. ఒక పాదం ముందు పడింది, ఒకటి వెనుక పడింది, ఇంకొకటి అసలు పడలేదు. ఏ తప్పూ ఇంకో తప్పులా లేదు. “కాదమ్మా. ఇవి అసలైన తప్పులు. పిల్లలవి.”

కర్ర చప్పుడు ఆగింది. లోపల పాదాలన్నీ ఆగాయి. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి తన దరువు తాను ముగించుకునేదాకా మేము అక్కడే ఉన్నాం. తరువాత అమ్మ నన్ను దాటి పైకెక్కి, తలుపు గొళ్ళేన్ని ఒకసారి లాగి చూసి, “గింత వదులుగున్నది. పిల్లలున్న జాగ” అని గొణుగుతూ, నా విద్యార్థులు ఎంతమంది లోపల ఉన్నారో లెక్క తేల్చడానికి తలుపు తట్టింది.